మాడు మీద నీడ

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకి టోపీ ఎర్రగా వెలిగింది.

మూడు రోజుల పసివాడి తలకి తొడిగిన ఆ తెల్లటి రబ్బరు టోపీ అంచు చుట్టూ సన్నని దీపాల వరుస ఉంటుంది. పచ్చగా వెలిగితే బిడ్డ మెదడు బాగున్నట్టు. ఎర్రగా వెలిగితే, అయిదేళ్ళు నిండేలోగా మూర్ఛలు తెప్పించి ప్రాణం తీసే మచ్చ ఒకటి లోపల మొదలైనట్టు. మధ్య రంగు లేదు. అనుమానపడటం ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు.

"మళ్ళీ పెట్టు," అంది డాక్టర్ ఇందుమతి.

నర్సు పైడమ్మ టోపీ తీసి, సర్ది, మళ్ళీ తొడిగింది. నలభై సెకన్లు గడిచాయి. మళ్ళీ ఎరుపే.

గోడకి ఆనుకుని నిలబడ్డ సన్యాసమ్మ దీపం వైపు చూడలేదు. నర్సు మొహం చూసింది. ఆవిడ ఆ బిడ్డకి అమ్మమ్మ. కూతురు ఈశ్వరమ్మకి సిజేరియన్ అయింది, పై అంతస్తులో ఉంది. ఈ మూడు రోజులూ మనవడు ఈవిడ ఒళ్ళోంచి దిగలేదు.

"ఏటమ్మా, ఎర్రగా ఎలిగింది? మంచిదేనా?"

"కూర్చో అమ్మా," అంది ఇందుమతి. ఈ మాటలు ఆమెకి కంఠతా వచ్చు. "బాబు మెదడులో చిన్న మచ్చ ఉంది. పెరిగితే ప్రమాదం. పెరగకముందే తీసేస్తాం. పదకొండు గంటలకి."

"తల కోసేత్తారా?"

"కొయ్యం. చెవికి వినపడని శబ్ద తరంగం ఉంటుంది. దాన్ని ఆ మచ్చ మీదకి గురిపెడితే మచ్చ ఒక్కటే కాలిపోతుంది. మాడు దగ్గర ఎముక ఇంకా కూడలేదు కదా, అందులోంచి పంపుతాం. గంట పని."

"ఓలమ్మా, ఇంత గుంటడికి కాల్పులేటి తల్లీ!" సన్యాసమ్మ బిడ్డ వైపు చెయ్యి చాపింది. "నీ బిడ్డకైతే ఎట్టించుకుంటావా?"

"పెట్టించాను," అంది ఇందుమతి. "నాలుగేళ్ళ కిందట. ఈ ఆసుపత్రిలో మొట్టమొదట పెట్టింది నా కూతురికే."

ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇప్పుడెలగుంది?"

"బాగుంది."

ఎవరడిగినా ఇందుమతి అనేది ఆ మాటే. లహరి బాగానే ఉంది. మూర్ఛలు రాలేదు. తింటుంది, పరిగెడుతుంది, బొమ్మలు వేస్తుంది. మాట మటుకు రాలేదు. మాట్లాడటమే కాదు, ఎదుటివాళ్ళ మాట కూడా అర్థం కాదు. చెవులు బాగానే పనిచేస్తాయి. మాటలు మాత్రం ఆ పిల్లకి రోడ్డు మీద లారీల చప్పుడుతో సమానం. తల్లి మాట్లాడుతుంటే దగ్గరకొచ్చి, చిన్న అరచెయ్యి ఆమె గొంతు మీద ఆనించి, ఆ అదురు తగిలితే నవ్వుతుంది. ఇవాళ పొద్దున్న కూడా అలాగే చేసింది.

ప్రాణం దక్కింది కదా, మాట పోతే పోయింది అని ఇందుమతి నాలుగేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటోంది.

గెడ్డవలస ఆసుపత్రి ఆ పూట పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మానికి మామిడి తోరణాలు, మెట్ల మీద ముగ్గులు. టోపీని కనిపెట్టిన డాక్టర్ త్రివిక్రమ్ నిన్ననే దిగాడు. పదకొండింటికి మంత్రి వస్తాడు. అద్దం వెనకనుంచి చికిత్స చూసి, అన్ని జిల్లాలకీ ఈ యంత్రాలు ఇస్తున్నట్టు ప్రకటిస్తాడు. "రేపు ఒక ఎరుపు దొరికితే బాగుణ్ణు," అన్నాడు త్రివిక్రమ్ నిన్న సాయంత్రం టీ తాగుతూ. ఇదిగో, దొరికింది.

ఇందుమతి వసారాలోకి రాగానే పైడమ్మ వెనకాలే వచ్చింది. పాతికేళ్ళ సర్వీసు ఆవిడది. అవసరం లేకుండా నోరు విప్పదు.

"మేడం, ఒకటి సెబుతాను. తిట్టకూడదు."

"చెప్పు."

"ఊయల గది పిల్లల సంగతి."

ఆసుపత్రి గేటు పక్కన ఒక ఊయల ఉంటుంది. బిడ్డని పెంచుకోలేనివాళ్ళు అందులో పడుకోబెట్టి వెళ్ళిపోతారు. ఆ పిల్లల్ని ఓ గదిలో ఉంచి సాకేది పైడమ్మే.

"నాలుగేళ్ళలో నలభై ఆరుమంది వచ్చారు మేడం. అందరికీ టోపీ ఎట్టినాం. ఒక్కళ్ళకీ ఎరుపు రాలేదు."

ఇందుమతి నడక ఆపింది. ఈ ఆసుపత్రిలో వందమందికి టోపీ పెడితే పదిహేనుమందికి ఎరుపు వస్తోంది. హైదరాబాదులో వందకి ఒకరు కూడా లేరు. ఈ ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ, అందుకే అని త్రివిక్రమ్ పెద్ద వ్యాసమే రాశాడు. ఆ లెక్కన నలభై ఆరుమందిలో ఆరేడుగురికైనా రావాలి.

"ఇంకొకటి. మీ పాప తప్ప, ఎరుపొచ్చిన ప్రతి బిడ్డ పక్కనా ఒక ముసల్ది ఉంది మేడం. అమ్మమ్మో, నాయనమ్మో. మొగుడూ పెళ్ళాం ఇద్దరే వచ్చినోళ్ళకి పచ్చే."

"ముసలివాళ్ళుంటే?"

పైడమ్మ గోడ మీద బోర్డు చూపించింది. శిశువు తలకు నూనె రాయరాదు అని ఎర్ర అక్షరాలు. రాయించింది ఇందుమతే.

"మీరు బోర్డు రాయించేస్తే మానేత్తారా? మూడోనాడు గోరువెచ్చటి ఆముదంలో పసుపు కలిపి మాడుకి పట్టించాలి. అప్పుడే గుంట పూడుతుందని ఈళ్ళ నమ్మకం. మీరు రౌండ్సుకి వస్తున్నారంటే కొంగుతో తుడిచేత్తారు. అడిగితే లేదంటారు. పైకి తుడిస్తే జుట్టు మొదట్లో జిగట పోతాదా?"

ఇందుమతి బోర్డు వైపు తిరిగింది. స్కానింగుకి పూసే జెల్లు టోపీకి అక్కర్లేదు. పొడి తల మీద నేరుగా ఆనించడమే దాని గొప్ప. తెర మీద బొమ్మ కూడా చూపించదు. రంగొక్కటే చూపిస్తుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పైడమ్మా?"

"సెప్పాను. పోయిన నెల త్రివిక్రమ్ గారు వచ్చినప్పుడు ఆయనకే సెప్పాను. మంచి పరిశీలన అని మెచ్చుకున్నారు." పైడమ్మ తలొంచుకుంది. "ఎవరితోనూ అనొద్దన్నారు."

ఊయల గదిలో ఆ రోజు ఒక్క ఆడపిల్లే ఉంది. పదకొండు రోజుల పిల్ల. ఇందుమతి తలుపు గడియ పెట్టి టోపీ తొడిగింది.

పచ్చ.

పైడమ్మ చిన్న గిన్నెలో ఆముదం వేడిచేసి తెచ్చింది. చిటికెడు పసుపు కలిపింది. ఇందుమతి వేలు ముంచి, పిల్ల మాడు మీద మెత్తటి చోట అద్ది, కొంగుతో తుడిచింది. చేత్తో తడిమితే ఏమీ తగలడం లేదు. మళ్ళీ టోపీ తొడిగింది.

ముప్ఫై. ముప్ఫై అయిదు. నలభై.

ఎరుపు.

సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తొడిగితే పచ్చ. మూడుసార్లు చేసినా అంతే.

అప్పుడు కంప్యూటర్ తెరిచి, టోపీ ఎవరికీ చూపించని లోపలి బొమ్మల్ని బయటికి లాగింది. వాటిని చూసి ఏళ్ళయింది. యంత్రం చూస్తోంది కదా, మనిషి చూడటమెందుకు అనుకున్నారు. ఎర్రగా వెలిగిన ప్రతి బిడ్డ మెదడులోనూ ఎడమ పక్కకి వాలిన నల్లటి నీడ. కొంచెం నిదానించి చూస్తే ఏ హౌస్ సర్జన్ అయినా పట్టేసేదే. నిజమైన మచ్చ లోపల మొదలవుతుంది. ఈ నీడలన్నీ పైనుంచి, చర్మం దగ్గరనుంచి దిగుతున్నాయి. ఒళ్ళో పడుకోబెట్టి కుడిచేత్తో రాస్తే నూనె బిడ్డ ఎడమ పక్కకే జారుతుంది. ఆముదం శబ్దాన్ని మింగేస్తుందని ఆమె ఎప్పుడో పరీక్షకి చదువుకుంది. టోపీ పంపిన శబ్దం మాడు మీదే మునిగిపోయింది. అక్కడి చీకటిని యంత్రం జబ్బు అంది.

చికిత్సకి ముందు ఏం చేస్తారు? బిడ్డ తల గొరిగి, మందునీళ్ళతో మూడుసార్లు కడుగుతారు. తర్వాత తరంగం పెడతారు. మళ్ళీ టోపీ తొడుగుతారు. పచ్చగా వెలుగుతుంది. నూటికి నూరు విజయం.

ఈ నాలుగేళ్ళలో అలా తరంగం పెట్టింది రెండు వందల పన్నెండుమందికి. నీడ పోయింది మందునీళ్ళకి. తరంగం కాల్చింది మాత్రం ఆ నీడ కింద నిక్షేపంలా ఉన్న మెదడుని. ఎడమ పక్క, మాటలుండే చోటు.

ఇందుమతి వేళ్ళు వాసన చూసుకుంది. వెచ్చటి ఆముదం వాసన.

నాలుగేళ్ళ కిందట, లహరి పుట్టిన మూడోనాడు, గదిలో ఎవరూ లేనప్పుడు ఇదే వాసన వచ్చింది. ఇందుమతి తల్లి అప్పటికి లేదు. పోయేముందు చెప్పిన ఒకే ఒక్క మాట గుర్తుంది. బిడ్డ మాడు ఎండనివ్వకే అని. అంత చదువూ చదివి, గోడకి బోర్డు రాయించిన డాక్టరు, సిగ్గుపడుతూ, తలుపు వేసుకుని, ఒక్క చుక్క అద్దింది. ఎవరికీ చెప్పలేదు. భర్త ప్రభాకర్‌కి కూడా.

"మేడం," అంది పైడమ్మ. "కూకోండి. పడిపోతారు."

అతిథి గదిలో త్రివిక్రమ్ ఆమె మాట పూర్తిగా విన్నాడు. కోటు గుండీలు పెట్టుకుంటూ అద్దంలోంచే జవాబు చెప్పాడు.

"నాకు నెల కిందటే తెలుసు ఇందూ. కొత్త ప్రోగ్రామ్ రాయిస్తున్నాను. నూనె ఉంటే టోపీ అసలు వెలగదు. రెండు నెలల్లో వచ్చేస్తుంది."

"ఈ నెల్లో ఎనిమిదిమందికి తరంగం పెట్టాం సార్."

"పెట్టలేదు. ఇక్కడ తెర మీద మామూలుగానే కనిపిస్తుంది. శక్తి మాత్రం హైదరాబాదునుంచి నేను సున్నాకి తిప్పేశాను. మీరెవరూ గమనించలేదు. ఇవాళా అంతే. మీట నువ్వు నొక్కు, దీపాలు వెలుగుతాయి, బిడ్డకి ఏమీ కాదు. గంటయ్యాక టోపీ పచ్చగా వెలుగుతుంది. ఆ ముసలావిడ నీ కాళ్ళకి దండం పెడుతుంది. ఎవరికి నష్టం?"

"రెండు వందల నాలుగు మంది మిగిలారు."

"వాళ్ళకి చెప్పి ఏం చేస్తావు? కాలింది తిరిగొస్తుందా?" అతను ఇటు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు వాళ్ళేం అనుకుంటున్నారు? మా బిడ్డని డాక్టర్లు బతికించారు, కొంచెం మందంగా ఉంటే ఉన్నాడు అనుకుంటున్నారు. నువ్వు వెళ్ళి ఏం చెప్తావు? మీ బిడ్డకి ఏ జబ్బూ లేదు, మీ అమ్మ రాసిన నూనె వల్ల మేం కాల్చేశాం అంటావా? ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ముసలివాళ్ళు నూతిలో దూకుతారో ఆలోచించావా?"

ఇందుమతి ఆముదపు వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"పైగా యంత్రం వెనక్కి పోతే, నిజంగా మచ్చ ఉన్న పిల్లలు పోతారు. వెయ్యికి ఒకడైనా ఉన్నాడు కదా." భుజం తట్టబోయి ఆగాడు. "లహరి ఎలా ఉంది?"

"మాటలు రాలేదు సార్."

"వస్తాయి," అన్నాడు త్రివిక్రమ్.

ఆ ఒక్క అబద్ధం ఇందుమతికి దారి చూపించింది. మాటలు రావని ఆయనకి తెలుసు. నెలరోజులుగా తెలుసు. అయినా అంత తేలిగ్గా అనేశాడు. తను పొద్దున్న సన్యాసమ్మతో "బాగుంది" అన్నట్టే.

పదకొండు. అద్దానికి అవతల మంత్రి, కెమెరాలు, కొత్త చీర కట్టించి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిన ఈశ్వరమ్మ. పక్కన చేతులు జోడించి సన్యాసమ్మ. ఇవతల ఇందుమతి, పైడమ్మ, గుడ్డలో చుట్టిన బిడ్డ. తల ఇంకా గొరగలేదు. అదీ చూపించాలి కదా. మీట పక్కన త్రివిక్రమ్. బయటికి వినిపించేలా మైకు ఉంది. చికిత్స ఎంత సులువో ఇందుమతి చెప్పాలి.

ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది. సన్యాసమ్మ ఎదుట నిలబడింది.

"అమ్మా, నీ రొండిన ఉన్న సీసా ఇలా ఇవ్వు."

ముసలావిడ చెయ్యి రొండి మీదకి పోయింది. "నానేటీ రాయలేదు డాట్రమ్మా. బోర్డు సూసినాను."

"తిట్టను. ఇవ్వు."

చీర మడతల్లోంచి వేలెడు సీసా బయటికొచ్చింది. దాన్ని పట్టుకుని ఇందుమతి లోపలికి వచ్చింది. టోపీ తొడిగింది. అందరూ చూస్తుండగా ఎరుపు. సబ్బునీళ్ళతో బిడ్డ తల కడిగింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. తుడిచి, తొడిగింది. పచ్చ. సీసాలోంచి ఒక చుక్క అద్ది, తుడిచి, తొడిగింది. ఎరుపు.

"ఇందూ!" త్రివిక్రమ్ మైకు తీగ మీద చెయ్యి వేశాడు. పైడమ్మ బిడ్డతో సహా అడ్డం వచ్చింది.

"ముట్టుకోకండి సార్. పసికందులకి ఈ ముసలోళ్ళు వాతలు ఎడితే మీరే పోలీసుల్ని పిలిచేవోరు. మీరు ఎట్టిన వాతలకి ఎవర్ని పిలవాలి?"

"ఏమిటిది డాక్టర్?" అని అద్దం మీద కొట్టాడు మంత్రి.

ఇందుమతి చెప్పింది. మూడు నిమిషాలు పట్టింది. బిడ్డకి జబ్బు లేదని, మాడు మీది ఆముదాన్ని యంత్రం జబ్బు అనుకుందని, నాలుగేళ్ళుగా ఇదే జరిగిందని, ఆ పిల్లల్లో నిజంగా మచ్చ ఉన్నవాళ్ళెందరో ఇక ఎవరూ చెప్పలేరని. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. మంత్రి మనుషులు వాటికి చేతులడ్డం పెట్టేసరికే ఆలస్యమైపోయింది.

ముందు వినిపించింది సన్యాసమ్మ గొంతు. ఆవిడ రెండు చేతులా తల బాదుకుంటోంది.

"నాను రాసినానే తల్లీ! నా సేత్తో నానే రాసినాను! గుంటణ్ణి సంపేసేదాన్నే!"

"అమ్మా, ఆగే! ఆడికేటీ అవలేదే!" అని ఈశ్వరమ్మ కుట్లు పట్టుకుని లేవబోయింది.

ఇందుమతి వెళ్ళి ముసలావిడ మణికట్లు పట్టుకుంది. త్రివిక్రమ్ చెప్పిన నుయ్యి కళ్ళముందు కనపడింది. పెద్ద డాక్టరు, మంత్రి, అంతమంది వింటుండగా అంది.

"నేనూ రాశానమ్మా."

సన్యాసమ్మ చేతులు ఆగాయి.

"నా కూతురికి. మూడోనాడు. దొంగతనంగా. బోర్డు రాయించింది నేనే, రాసిందీ నేనే. తప్పు ఆముదానిది కాదు. నీది కాదు. చూడాల్సిన కళ్ళు మావి. మేం చూడలేదు."

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. "మరి పొద్దున్న బాగుందన్నావు."

"అబద్ధం చెప్పాను."

మధ్యాహ్నానికల్లా ఆవరణ నిండిపోయింది. టీవీలో చూసి, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద వచ్చారు. రెండేళ్ళవాళ్ళు, మూడేళ్ళవాళ్ళు, పాకేవాళ్ళు, ఒళ్ళోవాళ్ళు. అంతమంది పిల్లలున్న చోట ఉండాల్సిన గోల లేదు. ఏడుపు ఉంది, కేరింత ఉంది, అమ్మా అన్న పిలుపు లేదు. ఇందుమతి ఆ సంగతి గమనించి మెట్ల మీద కూర్చుండిపోయింది. నాలుగేళ్ళుగా వీళ్ళని విడివిడిగా చూసింది. ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు.

ఎవరో రాయి విసిరారు. నుదురు చిట్లింది. పైడమ్మ దూది అద్దబోతే వద్దంది. కాగితం తీసుకుని, వచ్చిన ప్రతి బిడ్డ పేరూ రాయసాగింది. మొదటి పేరు లహరి.

త్రివిక్రమ్ వెనక గేటునుంచి వెళ్ళిపోయాడు. ఆమెని ఉద్యోగంలోంచి తీసేసినట్టు నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. పోలీసులు రేపు రమ్మన్నారు.

ఇంటికి చేరేసరికి ప్రభాకర్ టీవీ ముందు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. తిరిగి చూడలేదు.

"రాశావా?" అన్నాడు.

"రాశాను."

అతను టీవీ కట్టేసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడుకి లహరి బొమ్మల పుస్తకంలోంచి తలెత్తింది. అమ్మ నుదుటి మీద ఎండిన నెత్తురు చూసి దగ్గరకొచ్చింది. వేలితో ముట్టుకుంది. తర్వాత అలవాటుగా అరచెయ్యి తీసి ఆమె గొంతు మీద పెట్టి ఎదురుచూసింది.

ఇందుమతి చెప్పింది. ఆముదం గురించి, నీడ గురించి, ఆ రోజు తరంగం మీట నొక్కింది కూడా తన వేలేనని. పొద్దుటినుంచి ఎంతమందికి చెప్పిందో అదంతా ఈ ఒక్కదానికీ మొదటినుంచి చెప్పింది. క్షమించమని అడిగింది. గొంతు వణికి, తెగి, మళ్ళీ మొదలైంది.

అమ్మ గొంతు ఎన్నడూ ఇంతలా అదరలేదు. లహరి రెండో చెయ్యి కూడా ఆనించి, సంబరంగా నవ్వింది. ఆగగానే, ఇంకా కావాలని, వేళ్ళతో మెల్లగా తట్టింది.